పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ ఎవరు మార్చారో పట్టుకోవాలి, ఈవెంట్ ట్రిగ్గర్ పెడితే సరిపోతుందా?

గోదారి_గట్టు
ప్రొడక్షన్‌లో కస్టమర్ల టేబుల్ ఉంది. అందులో కస్టమర్ కోడ్ కాలమ్ మొదటినుంచీ వార్‌క్యార్ (అక్షరాల రకం). సోమవారం పొద్దున చూస్తే ఇంటిజర్ (అంకెల రకం) అయి కూర్చుంది. ముందున్న సున్నాలన్నీ ఎగిరిపోయాయి, 00417 కాస్తా 417 అయింది, బిల్లింగ్ వాళ్ల ఫైల్ మ్యాచ్ కాక మధ్యాహ్నం దాకా ఒకటే గోల. ఎవర్ని అడిగినా "నేను కాదు" అనే అంటారు. గిట్‌లో లేదు, మైగ్రేషన్ ఫైళ్లలో (టేబుల్ మార్పులు రాసుకునే స్క్రిప్టుల్లో) లేదు, సర్వర్ లాగ్ చూద్దామంటే ఏ కమాండ్లు లాగ్‌లో రాయాలో చెప్పే లాగ్_స్టేట్‌మెంట్ సెట్టింగ్ 'నన్' అని పెట్టి ఉంది. వెర్షన్ 15, మా సొంత సర్వరే, క్లౌడ్ కాదు. ఇకమీదట ఇలాంటిది జరిగితే వెంటనే తెలియాలని మేనేజర్ గారు ఈవెంట్ ట్రిగ్గర్ (టేబుల్ నిర్మాణం మారినప్పుడు దానంతటదే నడిచే ఫంక్షన్) పెట్టమంటున్నారు. ప్రొడక్షన్‌లో వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? దాంతో ఏం దొరుకుతుంది, ఏం దొరకదు? యాప్ స్లో అవుతుందా?

రాత్రిడ్యూటీ
మిగతాది తర్వాత. డేటాబేస్‌లోకి అందరూ ఒకే యూజర్‌తో వెళ్తారా, ఎవరి లాగిన్ వాళ్లకుందా?

గోదారి_గట్టు
ఒకటే. యాప్ వాడే యూజరే మేమూ వాడతాం. పాస్‌వర్డ్ టీమ్ గ్రూప్‌లో పైనే పిన్ చేసి ఉంటుంది. నవ్వకండి.

పెసరట్టు_డీబీఏ
నవ్వడం లేదండీ. మా గ్రూప్‌లోనూ పిన్ చేసే ఉంది.

నల్లతెర
ముందు స్లో సంగతి: అవదు. ఈవెంట్ ట్రిగ్గర్ మామూలు ఇన్సర్ట్, అప్‌డేట్, సెలెక్ట్‌ల జోలికి రాదు, డీడీఎల్ (టేబుళ్ల లాంటివాటిని సృష్టించే, మార్చే, తీసేసే కమాండ్లు) నడిచినప్పుడే లేస్తుంది. రోజుకి లక్ష ఆర్డర్లు పడినా దానికి పట్టదు. ఒక్క మినహాయింపు ఉంది, మీ యాప్ ప్రతి రిపోర్ట్‌కీ టెంపరరీ టేబుల్ సృష్టించి పారేసే రకమైతే అదీ డీడీఎల్ కిందే లెక్క, లాగ్ టేబుల్ నిండిపోతుంది.

ఇక ఏం దొరుకుతుందంటే, ఇవి 9.3లో, అంటే 2013లో వచ్చాయి. అప్పట్లో ఏ కమాండ్ నడిచిందో ట్యాగ్ తెలిసేది, ఏ టేబుల్ మీద నడిచిందో తేలిగ్గా తెలిసేది కాదు. 9.5లో పీజీ_ఈవెంట్_ట్రిగ్గర్_డీడీఎల్_కమాండ్స్ అనే ఫంక్షన్ ఇచ్చాక అసలు పని మొదలైంది. డీడీఎల్_కమాండ్_ఎండ్ ఈవెంట్ మీద ట్రిగ్గర్ పెట్టి, ఆ ఫంక్షన్ ఇచ్చే వరుసల్లోంచి కమాండ్ ట్యాగ్, ఆబ్జెక్ట్ రకం, స్కీమా పేరు, ఆబ్జెక్ట్ పూర్తి పేరు తీసుకుని, వాటి పక్కన టైము, సెషన్_యూజర్, క్లయింట్ ఐపీ, అప్లికేషన్_నేమ్, కరెంట్_క్వెరీ కలిపి ఒక టేబుల్‌లో రాసుకోవడమే. ఇరవై లైన్లకు మించదు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, తర్వాత ఎవరో టేబుల్ డ్రాప్ చేస్తే లాగ్‌లో ఏమీ ఉండదు. డ్రాప్ అయిన వస్తువులు ఆ ఫంక్షన్‌లో రావు. వాటికి ఎస్‌క్యూఎల్_డ్రాప్ అని వేరే ఈవెంట్, అందులో పీజీ_ఈవెంట్_ట్రిగ్గర్_డ్రాప్డ్_ఆబ్జెక్ట్స్ అని వేరే ఫంక్షన్. కాలమ్ డ్రాప్ చేసినా దీంట్లోనే 'టేబుల్ కాలమ్' అని కనబడుతుంది. కాబట్టి ట్రిగ్గర్లు రెండు పెట్టాలి.

కొత్తమొలక
నేను లోకల్‌లో ట్రై చేశాను. ఒక్క క్రియేట్ టేబుల్‌కి లాగ్‌లో నాలుగు వరుసలు పడ్డాయి. ట్రిగ్గర్ నాలుగుసార్లు నడుస్తోందా?

నల్లతెర
ఒకసారే నడుస్తుంది, వరుసలే ఎక్కువ వస్తాయి. మీ టేబుల్‌లో సీరియల్ కాలమ్, ప్రైమరీ కీ ఉండి ఉంటాయి. సీక్వెన్స్ సృష్టించడం, టేబుల్, ప్రైమరీ కీ ఇండెక్స్, చివర్లో సీక్వెన్స్‌ని ఆ కాలమ్‌కి కట్టే ఆల్టర్, అన్నీ విడివిడిగా వస్తాయి. ట్రాన్సాక్షన్ ఐడీ కూడా రాసుకుంటే తర్వాత గుంపు కట్టడం సులువు.

ఒరాకిల్_పాతకాపు
మీరంతా 2013 అంటూ మురిసిపోతున్నారు గానీ ఒరాకిల్‌లో ఆఫ్టర్ డీడీఎల్ ట్రిగ్గర్లు 8ఐ కాలం నుంచీ ఉన్నాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2005 వెర్షన్ నుంచి ఉన్నాయి, అక్కడ ఈవెంట్‌డేటా అని పిలిస్తే మొత్తం ఎక్స్‌ఎంఎల్‌లో ఇస్తుంది, కమాండ్ టెక్స్ట్‌తో సహా. పైగా సర్వర్ మొత్తానికి ఒకే ట్రిగ్గర్ పెట్టొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో ఏ డేటాబేస్‌కి ఆ డేటాబేస్‌లో విడిగా పెట్టుకోవాలి కదా?

పెసరట్టు_డీబీఏ
ఒప్పుకుంటున్నాం పాతకాపు గారూ, లైసెన్స్ బిల్లు కూడా మీరే ముందు కట్టారు.

రాత్రిడ్యూటీ
పాతకాపు గారు అన్నది నిజమే, డేటాబేస్‌కి ఒకటి పెట్టాలి. ఇంకో లోటు కూడా ఉంది. డేటాబేస్‌లు, రోల్స్ (యూజర్లు), టేబుల్‌స్పేస్‌లు క్లస్టర్ మొత్తానికి, అంటే సర్వర్‌లోని అన్ని డేటాబేస్‌లకీ కలిపి సంబంధించినవి, వాటి మీద నడిచే కమాండ్లకు ఈవెంట్ ట్రిగ్గర్ అసలు లేవదు. ఎవరైనా కొత్త యూజర్‌ని సృష్టించినా, ఒకరికి సూపర్‌యూజర్ ఇచ్చినా మీ లాగ్‌కి తెలియదు. టేబుల్ మొత్తం ఖాళీ చేసే ట్రంకేట్‌కి కూడా లేవదు, దానికి టేబుల్ మీదే మామూలు ట్రిగ్గర్ పెట్టుకోవాలి. టేబుల్ మీద గ్రాంట్ ఇస్తే లేస్తుంది గానీ ఆబ్జెక్ట్ పేరు ఉండాల్సిన చోట నల్ వస్తుంది. లాగ్ టేబుల్‌లో ఆ కాలమ్‌కి నాట్ నల్ పెట్టారో, ఇక గ్రాంట్ కమాండే ఫెయిల్ అవుతుంది.

మైగ్రేషన్_మావయ్య
నేను మొత్తం ఈ దారికే వ్యతిరేకం. దొంగతనం అయ్యాక చూసుకోవడానికి కెమెరా పెడుతున్నారు గానీ తలుపుకి గొళ్లెం లేదు. యాప్ యూజర్‌కి టేబుల్ ఆల్టర్ చేసే హక్కు ఎందుకుండాలి? పోస్ట్‌గ్రెస్‌లో ఆల్టర్, డ్రాప్ హక్కుల్ని గ్రాంట్ ఇవ్వడం అంటూ ఉండదు, అవి ఓనర్‌వే. గోదారి గట్టు వాళ్ల దగ్గర యాప్ యూజరే ఓనర్, అదీ అసలు జబ్బు. లాగిన్ లేని ఒక ఓనర్ రోల్ పెట్టి, టేబుళ్లన్నీ దాని పేరు మీదకి మార్చి, యాప్ యూజర్‌కి సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ మాత్రమే ఇవ్వండి. స్కీమా మార్పులన్నీ మైగ్రేషన్లు నడిపే టూల్, ఫ్లైవేనో లిక్విబేసో, ఏదో ఒకదాని ద్వారా మాత్రమే రావాలి. అప్పుడు ట్రిగ్గర్‌తో పనేముంది, గిట్ లాగ్ చూస్తే చాలు.

రాత్రిడ్యూటీ
మావయ్య గారూ, ఓనర్ సంగతి నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా. కానీ "గిట్ లాగ్ చూస్తే చాలు" అన్నది పగటిపూట మాట. రాత్రి రెండింటికి సైట్ పడిపోతే ఇండెక్స్ కోసం పుల్ రిక్వెస్ట్ పెట్టి, రివ్యూ కోసం ఎదురుచూసి, పైప్‌లైన్ నడిచేదాకా ఎవరూ కూర్చోరు. సీనియర్ ఎవరో లోపలికెళ్లి చేత్తో ఇండెక్స్ కొడతారు, పొద్దున మైగ్రేషన్‌లో కలుపుదాం అంటారు, కలపరు. నెల తర్వాత స్టేజింగ్‌కీ ప్రొడక్షన్‌కీ పోలిక ఉండదు. ఆ తేడాని ఫ్లైవే మామూలు మైగ్రేట్ పట్టుకోలేదు, ఎందుకంటే అది తన హిస్టరీ టేబుల్‌ని చూస్తుంది తప్ప అసలు స్కీమాని కాదు. ఈవెంట్ ట్రిగ్గర్ వాడాల్సింది అక్కడ. మేము అప్లికేషన్_నేమ్ ఫ్లైవేది కాని డీడీఎల్ ఏదైనా పడితే పొద్దున మెయిల్ వచ్చేలా పెట్టుకున్నాం.

మైగ్రేషన్_మావయ్య
అప్లికేషన్_నేమ్ ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు కదా.

రాత్రిడ్యూటీ
పెట్టుకోవచ్చు. మేం వెతికేది దొంగల్ని కాదు, మర్చిపోయేవాళ్లని.

చార్మినార్_కోడర్
అన్నా, ఒక కేసు చెప్తా. మా క్లయింట్ దగ్గర వెండర్ ఒకరు ఇదే ట్రిగ్గర్ శుక్రవారం సాయంత్రం పెట్టి ఇంటికి వెళ్లిపోయారు. పెట్టింది సూపర్‌యూజర్, టెస్ట్ చేసింది కూడా సూపర్‌యూజర్‌తోనే, అంతా బాగుంది. శనివారం డిప్లాయ్‌మెంట్ మొదటి మైగ్రేషన్‌లోనే పర్మిషన్ డినైడ్ అని ఆగింది. ట్రిగ్గర్ ఫంక్షన్ నడిచేది డీడీఎల్ కొట్టినవాడి హక్కులతో, ఆ డిప్లాయ్ యూజర్‌కి లాగ్ టేబుల్‌లో ఇన్సర్ట్ హక్కు లేదు. ఫంక్షన్‌లో ఎర్రర్ వస్తే అసలు కమాండే రద్దవుతుంది, అంటే లాగ్ రాయలేదు కాబట్టి టేబుల్ కూడా సృష్టించనివ్వదన్నమాట. ఎర్రర్‌లో ఏదో ఆడిట్ టేబుల్ పేరు కనిపిస్తోంది, ఆ టేబుల్ సంగతి డిప్లాయ్ టీమ్‌లో ఎవరికీ తెలియదు, వెండర్ ఫోన్ ఎత్తడు. మస్తు టెన్షన్ అయింది ఆ రోజు.

నల్లతెర
అందుకే ఫంక్షన్‌ని సెక్యూరిటీ డిఫైనర్‌గా, అంటే దాని ఓనర్ హక్కులతో నడిచేలా రాయాలి, సర్చ్_పాత్ (ఏ స్కీమాల్లో పేర్లు వెతకాలో చెప్పేది) కూడా ఫంక్షన్‌లోనే బిగించాలి. అలా రాశాక కరెంట్_యూజర్ అడిగితే ఎప్పుడూ ఫంక్షన్ ఓనర్ పేరే వస్తుంది, లాగ్ మొత్తం ఒకే పేరుతో నిండుతుంది. సెషన్_యూజర్ రాసుకోండి, సెట్ రోల్ చేసినా అది మారదు. ఏ రోల్‌లోకి మారి కొట్టారో కూడా కావాలంటే కరెంట్_సెట్టింగ్‌తో 'రోల్' విలువ చదవండి. మావయ్య గారు చెప్పిన ఓనర్ రోల్ పద్ధతీ ఇదీ ఇక్కడే కలుస్తాయి: ఎవరి లాగిన్ వాళ్లకిచ్చి, ఓనర్ రోల్‌కి మారితేనే ఆల్టర్ నడిచేలా చేస్తే, లాగ్‌లో మనిషి పేరు, రోల్ పేరు రెండూ పడతాయి.

పెసరట్టు_డీబీఏ
చార్మినార్ గారూ, ఆ పరిస్థితిలో బయటపడే దారి: ఆల్టర్ ఈవెంట్ ట్రిగ్గర్ పేరు డిసేబుల్. ఈవెంట్ ట్రిగ్గర్ల మీద నడిచే కమాండ్లకు ఈవెంట్ ట్రిగ్గర్ లేవదు కాబట్టి ఇది ఎప్పుడైనా పనిచేస్తుంది, సూపర్‌యూజర్ ఉండాలి అంతే. 17లో అయితే ఈవెంట్_ట్రిగ్గర్స్ అనే సెట్టింగే ఇచ్చారు, మీ సెషన్ వరకు ఆఫ్ చేసుకోవచ్చు. అదే 17లో లాగిన్ ఈవెంట్ కూడా వచ్చింది, దాంట్లో తప్పు రాస్తే ఎవరూ లోపలికే రాలేరు, ఆ సెట్టింగ్ అవసరం అప్పుడు బాగా తెలుస్తుంది.

సరదా విషయం ఒకటి. ఎస్‌క్యూఎల్_డ్రాప్ ట్రిగ్గర్ ఉండగా లాగ్ టేబుల్‌నే డ్రాప్ చేసి చూడండి. డ్రాప్ అయ్యాక ఆ సంగతి రాయడానికి ఫంక్షన్ లాగ్ టేబుల్ కోసం వెతుకుతుంది, టేబుల్ ఉండదు, ఎర్రర్, మొత్తం రోల్‌బ్యాక్. టేబుల్ చావదు!

కొత్తమొలక
రోల్‌బ్యాక్ అంటే గుర్తొచ్చింది. ఎవరైనా బిగిన్ అని మొదలుపెట్టి, ఆల్టర్ కొట్టి, భయపడి రోల్‌బ్యాక్ చేస్తే లాగ్‌లో ఉంటుందా?

పెసరట్టు_డీబీఏ
ఉండదు. లాగ్ వరుస కూడా అదే ట్రాన్సాక్షన్‌లో ఉంది, కలిసి పోతుంది. మార్పే జరగలేదు కాబట్టి స్కీమా ట్రాకింగ్‌కి అది సరైనదే. ప్రయత్నాలు కూడా కావాలంటే లాగ్_స్టేట్‌మెంట్‌ని డీడీఎల్ అని పెట్టి రీలోడ్ చేయండి, రీస్టార్ట్ అక్కర్లేదు.

ఒరాకిల్_పాతకాపు
అయితే మొదటినుంచీ ఆ ఒక్క సెట్టింగ్ చాలు కదా? ఇంత చర్చ దేనికి?

నల్లతెర
చాలదు. లాగ్_స్టేట్‌మెంట్ క్లయింట్ పంపిన పైస్థాయి కమాండ్‌నే చూస్తుంది. ఆల్టర్‌ని ఒక డూ బ్లాక్‌లో (పేరు లేని కోడ్ ముక్కలో) పెట్టి కొట్టినా, ఫంక్షన్‌లో పెట్టి సెలెక్ట్‌తో పిలిచినా డీడీఎల్ స్థాయిలో లాగ్‌లో పడదు. ఈవెంట్ ట్రిగ్గర్ లోపల నడిచినదాన్ని కూడా పట్టుకుంటుంది, ఏ టేబుల్ మారిందో పేరుతో ఇస్తుంది. దానిలో లోటు ఏమిటంటే కరెంట్_క్వెరీ మాత్రం ఆ బయటి సెలెక్టే చూపిస్తుంది. డీడీఎల్_కమాండ్స్ ఇచ్చే వరుసలో 'కమాండ్' అని ఒక కాలమ్ ఉంది, ఆశపడి ప్రింట్ చేయబోకండి, అది లోపలి నిర్మాణం, సీ భాషలో రాసిన ఫంక్షన్‌కి ఇస్తే తప్ప చదవలేరు. రెండిట్లో దేని లోటు దానిది, రెండూ పెట్టుకుంటే ఖర్చేమీ లేదు. ఆడిటర్లు వచ్చే సంస్థ అయితే పీజీఆడిట్ అనే ఆడిట్ ఎక్స్‌టెన్షన్ వేసుకోవడమే మేలు.

విశాఖ_వైఫై
కరెంట్_క్వెరీ గురించి ఒక జాగ్రత్త. యూజర్ మ్యాపింగ్, సబ్‌స్క్రిప్షన్ లాంటివి సృష్టించేటప్పుడు కమాండ్‌లోనే పాస్‌వర్డ్ రాస్తారు. అది యథాతథంగా లాగ్ టేబుల్‌లోకి వచ్చి కూర్చుంటుంది. ఆ టేబుల్‌ని డ్యాష్‌బోర్డ్‌కి తగిలించి ఆఫీసంతా చూపించేవాళ్లని చూశాను. ఆ ట్యాగ్‌లకు క్వెరీ టెక్స్ట్ వదిలేయండి.

డాలస్_చింతకాయ
మాది పీజీబౌన్సర్ (కనెక్షన్లు పంచే మధ్యవర్తి ప్రోగ్రామ్) వెనకాల ఉంది. లాగ్‌లో క్లయింట్ ఐపీ అన్నిటికీ ఒకటే వస్తోంది.

రాత్రిడ్యూటీ
అది బౌన్సర్ ఐపీ. బౌన్సర్‌లో అప్లికేషన్_నేమ్_యాడ్_హోస్ట్ అని సెట్టింగ్ ఉంది, ఆన్ చేస్తే అసలు మెషీన్ ఐపీ అప్లికేషన్ పేరు వెనక తగులుతుంది. అసలు డీడీఎల్ కొట్టేవాళ్లని బౌన్సర్ ద్వారా కాకుండా నేరుగా రమ్మనండి.

గోదారి_గట్టు
చాలా విషయాలు తెలిశాయి, థాంక్స్. మరి జరిగిపోయినదాని సంగతేంటి? సోమవారం మార్పు ఎప్పుడు జరిగిందో కూడా తెలుసుకునే దారి లేదా?

నల్లతెర
"ఎప్పుడు" దొరకొచ్చు. పీజీ_అట్రిబ్యూట్‌లో మీ కాలమ్ వరుసకి ఎక్స్‌మిన్ చూడండి. దాన్ని చివరిసారి మార్చిన ట్రాన్సాక్షన్ నంబర్ అది. ట్రాక్_కమిట్_టైమ్‌స్టాంప్ ముందునుంచీ ఆన్‌లో ఉండి ఉంటే నేరుగా టైము వచ్చేస్తుంది, డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి ఆశ తక్కువ. వాల్ (డేటాబేస్ తన మార్పులన్నీ వరుసగా రాసుకునే లాగ్) ఆర్కైవ్ ఉందా? ఉంటే పీజీ_వాల్‌డంప్‌కి ఆ ట్రాన్సాక్షన్ నంబర్ ఇచ్చి వెతకండి, కమిట్ రికార్డ్ దగ్గర టైము ఉంటుంది. యూజర్ పేరు వాల్‌లో ఉండదు. లాగ్_కనెక్షన్స్ ఆన్‌లో ఉంటే ఆ టైముకి ఏ మెషీన్లు లోపల ఉన్నాయో సరిచూసుకోవచ్చు.

గోదారి_గట్టు
వాల్ ఆర్కైవ్ ఉంది. కనెక్షన్ లాగ్ కూడా ఉంది. రాత్రికి చూస్తా.

మైగ్రేషన్_మావయ్య
చూడండి గానీ పేరు దొరికినా గ్రూప్‌లో పెట్టకండి. ఒక పాస్‌వర్డ్ అందరికీ ఇచ్చిన చోట ఎవరు కొట్టారన్న ప్రశ్న ఆ ఒక్కరిని కాదు, పాస్‌వర్డ్ ఇచ్చినవాళ్లని అడగాలి.

పెసరట్టు_డీబీఏ
ఈ విషయంలో మావయ్య గారితోనే ఉన్నా.

చార్మినార్_కోడర్
ఎవరూ టేబుల్_రీరైట్ గురించి చెప్పలేదేంటి? వార్‌క్యార్ నుంచి ఇంటిజర్ అంటే మొత్తం టేబుల్ మళ్లీ రాయాలి, పెద్ద టేబుల్ అయితే అంతసేపూ యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్, చదవడం కూడా ఆగిపోతుంది. 9.5 నుంచి దీనికి ప్రత్యేకంగా ఒక ఈవెంట్ ఉంది, రీరైట్ మొదలవకముందే లేస్తుంది. టేబుల్ ఇంత సైజు దాటితే, పగటి వేళ అయితే ఎక్సెప్షన్ ఇచ్చి ఆపేయొచ్చు. మేము వాడుతున్నాం. కాన్‌స్టంట్ డిఫాల్ట్‌తో కొత్త కాలమ్ కలిపితే 11 నుంచి రీరైట్ ఉండదు కాబట్టి రోజువారీ మార్పులకు అడ్డం రాదు.

మైగ్రేషన్_మావయ్య
ఇదీ గొళ్లెం అంటే. ఇది నాకు నచ్చింది.

విశాఖ_వైఫై
ఆపడానికి వాడితే ఒకటి గుర్తుపెట్టుకోండి, సూపర్‌యూజర్ సెషన్_రెప్లికేషన్_రోల్‌ని రెప్లికా అని మార్చుకుంటే మామూలుగా ఎనేబుల్ చేసిన ఈవెంట్ ట్రిగ్గర్లు లేవవు. ఎనేబుల్ ఆల్వేస్ అని పెడితే అప్పుడూ లేస్తాయి. అయినా సూపర్‌యూజర్ ట్రిగ్గర్‌నే డిసేబుల్ చేయగలడు, కాబట్టి దాన్ని భద్రత అనుకోవద్దు.

కొత్తమొలక
మా ప్రాజెక్ట్ మైఎస్‌క్యూఎల్. అందులో ఎలా పెట్టాలి?

ఒరాకిల్_పాతకాపు
పెట్టలేవు నాయనా. మైఎస్‌క్యూఎల్‌లో డీడీఎల్ ట్రిగ్గర్లు లేవు. బైనరీ లాగ్‌లో డీడీఎల్ కమాండ్లు స్టేట్‌మెంట్ రూపంలోనే పడతాయి, దాన్ని చదువుకోవడమే.

డాలస్_చింతకాయ
అమెజాన్ ఆర్‌డీఎస్‌లో సూపర్‌యూజర్ ఇవ్వరు కదా, అక్కడ ఈవెంట్ ట్రిగ్గర్ కుదురుతుందా?

విశాఖ_వైఫై
కుదురుతుంది. మొదట్లో ఇచ్చిన మాస్టర్ యూజర్‌కి ఆర్‌డీఎస్_సూపర్‌యూజర్ రోల్ ఉంటుంది, దాంతో సృష్టించుకోవచ్చు.

గోదారి_గట్టు
అప్‌డేట్. స్టేజింగ్‌లో రెండు ట్రిగ్గర్లూ పెట్టాను, సెక్యూరిటీ డిఫైనర్‌తో. డిప్లాయ్ యూజర్‌తోనే టెస్ట్ చేశాను, చార్మినార్ గారి కథ చదివాక భయం వేసింది. ఓనర్ రోల్ విడగొట్టడానికి మేనేజర్ గారు వచ్చే స్ప్రింట్‌లో టైము ఇస్తానన్నారు. ఇప్పుడు సమస్య వేరే. నైట్ రిపోర్ట్ జాబ్ టెంపరరీ టేబుళ్లతో లాగ్ నింపేస్తోంది, ఎక్స్‌టెన్షన్ అప్‌గ్రేడ్ చేస్తే దాని లోపలి ఫంక్షన్లన్నీ వచ్చి పడ్డాయి. అసలు మార్పు వెతుక్కోవాల్సి వస్తోంది.

నల్లతెర
డీడీఎల్_కమాండ్స్ వైపు స్కీమా పేరు పీజీ_టెంప్ అయితే వదిలేయండి. డ్రాప్ వైపు ఇజ్_టెంపరరీ అని కాలమ్ ఉంది, అది ట్రూ అయితే వదిలేయండి. ఎక్స్‌టెన్షన్ వాటికి ఇన్_ఎక్స్‌టెన్షన్ చూడండి. ఇంకా డ్రాప్ వైపు ఒరిజినల్ అని ఒక కాలమ్ ఉంటుంది, డ్రాప్ కమాండ్‌లో ఎవరైనా పేరు పెట్టి అడిగింది ఏదో, దాని వెంట పోయినవి ఏవో అదే చెబుతుంది. వెంట పోయినవాటిని ఫిల్టర్ చేయకండి, క్యాస్కేడ్ కొట్టినప్పుడు ఏ వ్యూలు పోయాయో కావాల్సింది అక్కడే.

గోదారి_గట్టు
టెంప్ వరకు ఇప్పుడే పెట్టాను, తగ్గింది. ఇంకొకటి, ప్రొడక్షన్ డంప్ తీసి డెవలపర్ల మెషీన్లలో రీస్టోర్ చేస్తాం. ఈ ట్రిగ్గర్లు కూడా వెంట వస్తాయా?

పెసరట్టు_డీబీఏ
మొత్తం డేటాబేస్ డంప్ అయితే వస్తాయి. రీస్టోర్‌లో చివర్లో సృష్టిస్తుంది కాబట్టి రీస్టోర్‌ని లాగ్ చేయదు. డెవలపర్ సూపర్‌యూజర్ కాకపోతే ఆ రెండు లైన్లకి ఎర్రర్ వస్తుంది, పట్టించుకోవద్దని ముందే చెప్పండి, లేకపోతే పొద్దున్నే మీకే ఫోన్లు.